ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా: ఇద్దరు పిల్లల ఇంట్లో 18 నెలలు

“మేడమ్, ఒక్క ముక్కలో చెప్పండి. గవర్నమెంటు బడా, ప్రైవేటా?”

కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే తండ్రి అడిగిన ప్రశ్న ఇది. తల్లి ఏమీ అనలేదు. ఆవిడ ఒళ్లో ఒక ఫైలు ఉంది. అందులో కూతురి ప్రోగ్రెస్ కార్డులు, వాటి కిందే ఫీజు రసీదులు, ఇంకా కట్టని రెండు టర్ముల నోటీసులు.

11 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత పిల్లల చదువు కౌన్సెలింగ్‌లోకి వచ్చాను. అడ్మిషన్ల రోజుల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నతోనే వస్తారు. ఈ ఒక్క కేసునే రాయడానికి కారణం, ఇందులో నేను ఒక తప్పు చేశాను. ఆ కుటుంబం నా సలహాలో సగమే పాటించింది, మిగతా సగం పాటించకపోవడమే మంచిదైంది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఇంటి పరిస్థితి

పాపకి 9 ఏళ్లు, నాలుగో తరగతి అయిపోవస్తోంది. నర్సరీ నుంచీ ఒకటే ప్రైవేటు బడి, ఇంగ్లీషు మీడియం. బాబుకి ఆరో ఏడు వస్తోంది, ఒకటో తరగతిలో చేర్చాలి. ఏడాది కిందట తండ్రి ఉద్యోగం మారి జీతం మూడో వంతు తగ్గింది. తల్లిది పార్ట్ టైం పని. అమ్మా నాన్నా ఇద్దరూ ప్రభుత్వ బడిలోనే చదువుకున్నారు. కానీ ఆ చదువు గురించి ఇద్దరికీ ఉన్న జ్ఞాపకాలు వేరు. ఆయనకి గుర్తున్నది లెక్కల మాస్టారు. ఆవిడకి గుర్తున్నది మొదటి ఉద్యోగంలో మీటింగుల్లో నోరు తెరవలేక కూర్చున్న ఏడాది.

“నాకు జరిగింది నా కూతురికి జరగకూడదు” అంది ఆవిడ. కాసేపాగి ఇంకో మాట కూడా అంది: “ఇప్పుడు మారిస్తే ఫీజు కట్టలేక మార్చారంటారు.”

ఈ రెండో మాట నా దగ్గర ప్రతి కేసులోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది. బయటికి రావడానికి కొందరికి నాలుగు సిట్టింగులు పడుతుంది. ఆవిడ మొదటి రోజే అనేసింది, అందుకే పని తొందరగా ముందుకు సాగింది. అది పరువుకి సంబంధించిన బెంగ. దాన్ని చదువు ఖాతాలో రాసుకుంటే లెక్క ఎప్పటికీ తేలదు.

తండ్రికి లెక్కలంటే ఇష్టం కాబట్టి మొదటి పని ఆయనకి అప్పగించాను. గత ఏడాది ఆ బడి వల్ల చేసిన ప్రతి ఖర్చూ రాయమన్నాను: బస్సు, యూనిఫాం, రెండు జతల బూట్లు, పుస్తకాలు, వార్షికోత్సవం డ్రెస్సు, ట్రిప్పు, సాయంత్రం ట్యూషన్. బ్రోషర్‌లోని ఫీజుని 100 అనుకుంటే, నిజంగా ఖర్చయింది 146. ట్యూషన్‌ని ఎందుకు కలిపానని ఆయన అడిగారు. బడిలో అర్థం కానిదాన్ని ఇంకోచోట కొనుక్కుంటున్నారు కాబట్టి అది కూడా ఆ బడి ఖర్చే అన్నాను. ఆ తర్వాత ఇంకో కూడిక. ఏటా 10 శాతం చొప్పున పెరిగే ఫీజు ఏడేళ్లు దాటగానే రెట్టింపవుతుంది, పదేళ్లకి రెండున్నర రెట్లు దాటుతుంది. చాలామంది ఈ ఏడాది కట్టగలమా అని మాత్రమే చూసుకుంటారు. ఎనిమిదో తరగతిలో ఆపాల్సి వస్తే ఏంటన్నది ఎవరూ వేసుకోని లెక్క.

ఆ రిజల్ట్స్ ఎవరివి?

రెండో సిట్టింగ్‌కి తండ్రి ఫోన్లో ఒక పట్టిక తెచ్చారు. ప్రైవేటు బడుల మార్కులు ఎక్కువ, ప్రభుత్వ బడులవి తక్కువ. “నేను ప్రభుత్వ బడే అంటున్నాను గానీ, ఇది చూస్తే నాకే టెన్షన్‌గా ఉంది” అన్నారు.

పట్టిక అబద్ధం చెప్పదు. కాకపోతే అది చెప్పేది ఆ బడికి ఎవరి పిల్లలు వచ్చారన్న సంగతి. వాళ్లకి బడి కొత్తగా ఏం కలిపిందన్నది వేరే ప్రశ్న. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు, హోంవర్క్ దగ్గర కూర్చునే పెద్దవాళ్లున్న పిల్లలు ఎక్కువగా ఒక వైపుకి చేరితే మార్కులూ ఆ వైపే ఎక్కువ కనిపిస్తాయి.

ఈ రెండింటినీ విడదీయాలంటే లాటరీ కన్నా మంచి దారి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008లో అలాంటి ప్రయోగం ఒకటి మొదలైంది. దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్లో లాటరీ తీసి, కొందరికి ప్రైవేటు బడిలో ఫీజు లేకుండా చదివే వోచర్ ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత ఇంకోసారి పరీక్ష పెడితే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్స్, సోషల్‌లో వోచర్ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వోచర్ వచ్చినవాళ్లు బాగా ముందున్నారు. ఇక్కడితో ఆపేస్తే ప్రైవేటు బడులకి అన్యాయం చేసినట్టే. ఆ బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైం ఇచ్చి కూడా అదే ఫలితం తెచ్చాయి. పైగా ఒక్కో విద్యార్థికి వాటికయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

అమెరికాలో పిల్లల్ని చిన్నప్పటి నుంచి 15 ఏళ్లదాకా వెంబడించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. రాబర్ట్ పియాంటా, ఆర్య అన్సారీ ఆ డేటాతో 2018లో చేసిన విశ్లేషణలోనూ ఇలాంటిదే తేలింది. కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోగానే ప్రైవేటు బడి పిల్లల ఆధిక్యం మాయమైంది.

తండ్రి ముఖం వెలిగింది. “చూశావా?” అన్నట్టు భార్య వైపు తిరిగారు. అక్కడే ఆపాను. ఇవన్నీ సగటు లెక్కలు. మీ అబ్బాయి వెళ్లి కూర్చునేది ఒక గదిలో, ఒక టీచర్ ముందు. ఆ గదిలో ఏం జరుగుతుందో ఏ అధ్యయనమూ మీకు చెప్పదు, వెళ్లి చూడాల్సిందే. గెలిచాననుకున్న ఆయనకి ఆ మాట అంతగా నచ్చలేదు.

పాప చదివింది

పాప చేత రెండు పేరాలు చదివించాను. ఇంగ్లీషు పేరా గడగడా చదివేసింది, ఉచ్చారణ కూడా చక్కగా ఉంది. తల్లి కళ్లలో గర్వం. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాను. పేరాలో ఉన్న మాటనే తిప్పి చెప్పే ప్రశ్నకి జవాబొచ్చింది. ‘ఎందుకు’ అన్న రెండు ప్రశ్నలకీ రాలేదు. అంతే కష్టమైన తెలుగు పేరా ఇచ్చాను. కూడబలుక్కుంటూ చదివింది, తప్పులు చేసింది, కానీ ‘ఎందుకు’లు రెండూ చెప్పింది. ఒకదానికైతే నేను అనుకోని కారణం కూడా కలిపింది.

లెక్కల్లోనూ ఇదే. 27ని 4తో గుణించమంటే అర నిమిషం. అదే లెక్కని ఇంగ్లీషులో కథలా ఇస్తే, “కూడాలా, గుణించాలా ఆంటీ?” అని నా ముఖంలోకి చూసింది. ఇలా ముఖం చూసి లెక్క చేసే పిల్లలు నాకు చాలామంది తగులుతుంటారు. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకి ఎదురుగా 88 ఉంది.

జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు చాలా ఏళ్ల కిందటే ఈ తేడా పట్టుకున్నాడు. కొత్త భాషలో కబుర్లు చెప్పుకోవడం దాదాపు రెండేళ్లలో వస్తుంది. ఆ భాషలో పాఠాలు అర్థం చేసుకోవడంలో తోటి పిల్లల్ని అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. ఆయన చూసింది చుట్టూ ఆ భాషే వినిపించే చోట చదువుతున్న వలస పిల్లల్ని. ఇంట్లో గానీ వీధిలో గానీ ఆ భాష వినపడని పిల్లకి ఇంకా ఎక్కువ పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

“అంటే ఇంగ్లీషు వద్దంటారా?” అని తల్లి కొంచెం కోపంగానే అడిగింది. వద్దనలేదు. ఆవిడ భయపడిన ఆ మీటింగులో నోరు తెరవాలంటే ఇంగ్లీషు కావాలి, నిజమే. చెప్పడానికి ఏదో ఒక విషయం కూడా ఉండాలి. పాపకి మొదటిది వస్తోంది, రెండోది వెనకబడుతోంది. ఎటువైపు సాయం చేయాలో మాత్రమే ఈ పరీక్ష చెప్పింది.

బడులు చూడటం

మూడు బడులు చూశాం. ఒకటి పాప చదువుతున్నది. రెండోది ఇంటికి 12 నిమిషాల నడక దూరంలో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక బడి. మూడోది ఫీజు కొంచెం తక్కువున్న ఇంకో ప్రైవేటు బడి. మూడోదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్లాసు చూపించమంటే కంప్యూటర్ ల్యాబు చూపించారు, ఇంకోసారి అడిగినా అంతే. బయటికొచ్చేశాం.

బడి చూడటానికి వెళ్లేవాళ్లకి నేను ముందుగా చెప్పేది నోటుబుక్కులు అడగమని. ఒకే క్లాసులో ఐదుగురివి తీసుకుని పక్కపక్కన పెట్టండి. ఐదింట్లోనూ ఒకే వాక్యాలుంటే అది బోర్డు మీద చూసి ఎక్కించుకున్నదే. తప్పుల దగ్గర ఇంటూ గుర్తు మాత్రమే ఉందా, పిల్ల మళ్లీ చేసిన ఆనవాలేదైనా ఉందా? ఇది చూడటానికి పది నిమిషాలు చాలు. బిల్డింగు, గేటు, స్మార్ట్ బోర్డు కలిసి చెప్పలేనిది అది చెప్పేస్తుంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది: “సంవత్సరం మధ్యలో ఒక పిల్ల చదవడంలో వెనకబడిందనుకోండి, ఎవరు, ఏ రోజు, ఏం చేస్తారు?” మనిషి పేరుతో, వేళతో జవాబొస్తే నమ్ముతాను. “మేము ప్రతి విద్యార్థి మీదా వ్యక్తిగత శ్రద్ధ పెడతాం” అంటే నమ్మను.

పాప బడిలో నోటుబుక్కులు అచ్చేసినట్టున్నాయి. తప్పులే లేవు. నాలుగో తరగతికి ఆ ఏడాది ముగ్గురు టీచర్లు మారారు. బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి, ఆట స్థలం బాగుంది, ఇంగ్లీషులో మాట్లాడే వాతావరణం నిజంగానే ఉంది.

ప్రభుత్వ బడిలో హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు. “రెండు పోస్టులు ఖాళీ. నాలుగు, ఐదు తరగతులు కలిపి నేనే చెప్తున్నాను. మధ్యలో ఆఫీసు పని వస్తే లేచి వెళ్లాల్సి వస్తుంది. ఇది తెలిసి చేర్చండి” అన్నారు. ఇంత నిజం మాట్లాడేవాళ్లు ఏ బడిలోనైనా అరుదు. బాత్‌రూముల్లో ఒకదానికి గడియ లేదు. ఒకటో తరగతి గదిలోకి వెళ్తే టీచర్ నేల మీద పిల్లల మధ్య కూర్చుని ఉంది. ఒక పిల్లాడు ఒక పదాన్ని తప్పు చదివాడు. “నీకు అలా ఎందుకనిపించింది?” అని అడిగిందామె. ఆ ప్రశ్న విని, ఈ గదిలో బాబుని కూర్చోబెట్టొచ్చని నా నోట్‌బుక్కులో రాసుకున్నాను.

దూరం సంగతి కూడా రాయాలి. పాప బస్సు ప్రయాణం పోను 50 నిమిషాలు, రాను 50. ఏడాదికి 200 పనిదినాలు వేసుకున్నా 330 గంటల పైన. ఆరు గంటల బడి రోజుతో భాగిస్తే 55 రోజుల చదువంత కాలం బస్సులోనే గడుస్తోంది. ట్యూషన్ అయ్యి, హోంవర్క్ అయ్యి పడుకునేసరికి పది, లేవడం ఐదున్నరకి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈ పిల్లకి దొరుకుతున్నది ఏడున్నర. తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి తలదించుకున్నది ఈ లెక్క దగ్గరే.

నా సలహా, నా తప్పు

మూడో సిట్టింగ్‌లో నా సలహా చెప్పాను. బాబుని దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేర్చండి, ఆ టీచర్ కోసమైనా. పాపని మాత్రం ఐదో తరగతి అయ్యేదాకా ఉన్నచోటే ఉంచండి. కలిపి చెప్పే క్లాసులో, సగం వేళ ఆఫీసు పనిలో ఉండే టీచర్ దగ్గర వేయడం రిస్కు. ఎలాగూ ఆరో తరగతికి బడి మారాలి కాబట్టి అప్పుడు ప్రభుత్వ హైస్కూలు చూద్దాం. ఈలోగా ట్యూషన్ మానేసి, ఇంట్లో రోజూ 20 నిమిషాలు తెలుగులో చదివించి మాట్లాడించండి.

కాగితం మీద మంచి సలహానే. ఒక ఇంట్లో ఇద్దరిలో ఒకరికే ఫీజు పెట్టాల్సి వస్తే ఆ ఒక్కరు ఎవరని నేను ఎప్పుడూ అడుగుతాను. చాలా ఇళ్లలో అది కొడుకే అవుతాడు. ఇక్కడ అలా కాలేదని లోపల సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం వల్లే కాస్త తొందరపడ్డానేమో.

అప్పటిదాకా పాపని చదివించాను, లెక్కలు చేయించాను, కానీ ఒంటరిగా కూర్చోబెట్టి బడి ఎలా ఉందని అడగలేదు. ఆ రోజు చివర్లో, పెద్దవాళ్లు బయట ఉండగా, మాటవరసకి అడిగాను. పెన్సిల్ చెక్కుకుంటూ చెప్పింది: “సోమవారం పేర్లు చదువుతారు ఆంటీ. ఫీజు కట్టనివాళ్లవి. లేచి నిలబడాలి. నాన్నకి చెప్పొద్దు, బాధపడతారు.”

రెండు నెలలుగా అలా నిలబడుతోంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. సోమవారాలు కడుపునొప్పి అంటుంటే బద్ధకమనుకున్నారు. ఇంకా తవ్వితే, క్లాసులో తన స్థానం గురించి కూడా ఒక మాట అంది: “నేను మొద్దుల బెంచీ.” 88 మార్కులొచ్చే పిల్ల.

మొదటి సిట్టింగ్‌లోనే పిల్లతో విడిగా మాట్లాడాలని నేనే ట్రైనింగుల్లో చెబుతాను. ఈ కేసులో ఫీజు లెక్కలు, అధ్యయనాలు, బడి సందర్శనలు అయ్యాక గానీ ఆ పని చేయలేదు. నాన్నకి చెప్పొద్దన్న మాట ఎందుకు దాటాల్సి వస్తోందో పాపకి వివరించి, తను తలూపాకే పెద్దవాళ్లని లోపలికి పిలిచాను. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా ప్రైవేటు బడి వైపు మాట్లాడిన తల్లే, “రేపటి నుంచి పంపను” అంది.

పంపకుండా ఆపడం వద్దని, పరీక్షలు పూర్తి చేయించమని చెప్పాను. బడికి వెళ్లి, బాకీ వాయిదాల్లో కడతామని రాతపూర్వకంగా ఇచ్చి, పేర్లు చదవడం ఆపమని అడిగారు. పాప పేరు చదవడం ఆపారు. మిగతా పిల్లలవి ఆపారో లేదో తెలియదు.

నిర్ణయం

ఇద్దరినీ ప్రభుత్వ బడిలోనే చేర్చారు. పాప గురించి నా సలహా పక్కన పెట్టేశారు. ఐదో తరగతి కలిపి చెప్పే క్లాసు అని ఇంకోసారి గుర్తు చేశాను. “అక్కడ లేచి నిలబడక్కర్లేదు కదా మేడమ్” అన్నారు తండ్రి. నా దగ్గర జవాబు లేదు. అమ్మమ్మ తాతయ్యల వైపు నుంచి చాలా మాటలొచ్చాయట. అది వాళ్లే పడ్డారు.

మొదటి మూడు నెలలు పాప ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ప్రాణ స్నేహితురాలు దూరమైంది. పాత యూనిఫాం బీరువాలోంచి తీయనివ్వలేదు. ఇది మామూలేనని తల్లికి చెప్పాను గానీ, ఆవిడ నన్ను నమ్మిందని అనుకోను.

ఆరో నెలలో మళ్లీ పరీక్షించాను. తెలుగులో చదవడం సాఫీ అయింది. కథల లెక్కల్లో ఐదింట నాలుగు చేసింది, నా ముఖం చూడకుండా. ఇంగ్లీషు మాట్లాడటం తగ్గింది, అందులో సందేహం లేదు. వెతికే మాటలు పెరిగాయి. తల్లి వారానికి మూడు రోజులు పాపతో ఇంగ్లీషు కథల పుస్తకాలు పైకి చదివించడం మొదలుపెట్టింది. నేను చెప్పక ముందే.

ఇంకో మార్పు నేను ఊహించలేదు. అక్కడ క్లాసులో పాపే ముందుంది, చిన్నవాళ్లకి లెక్కలు చెబుతోంది. “ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం” అని తల్లి నవ్వింది, కొంచెం చేదుగా. ఆ సామెత వెనక ఒక నిజం ఉంది. పిల్లలు తమ తెలివిని పక్క బెంచీతో పోల్చుకునే కొలుస్తారని హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచీ చూపిస్తున్నాడు. ఒకే సామర్థ్యం ఉన్న పిల్ల, గట్టి క్లాసులో ఉంటే తనని తాను తక్కువగా, మామూలు క్లాసులో ఉంటే ఎక్కువగా అనుకుంటుంది. మొద్దుల బెంచీ నుంచి వచ్చిన పిల్లకి కొన్నాళ్లు మహావృక్షంగా ఉండటం నష్టమేమీ కాదని తల్లికి చెప్పాను. హైస్కూల్లో వేరే చెట్లు కనిపిస్తాయి, అప్పటికి వేళ్లు గట్టిపడితే చాలు.

ఐదో తరగతి లోటు మాత్రం లోటే. సైన్స్‌లో మూడు పాఠాలు అసలు జరగలేదు. హెడ్‌మిస్ట్రెస్ లేని రోజుల్లో పిల్లలు చూచిరాత రాసుకున్నారు. నేను చెప్పిన రిస్కు ఊహ కాదు. ఆ లోటుని మిగిలిన ఫీజు డబ్బుతో కాకుండా మిగిలిన టైంతో పూడ్చారు. సాయంత్రాలు తండ్రి సైన్స్ పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. పాప తొమ్మిదికల్లా పడుకుంటోంది.

బాబు ఒకటో తరగతి సగం కాకముందే బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. ఆ టీచర్ గురించి నేను రాసుకున్నది తప్పు కాలేదు.

18వ నెల

ఇప్పుడు పాప ప్రభుత్వ హైస్కూల్లో ఆరో తరగతి చదువుతోంది. సబ్జెక్టుకో టీచర్ ఉన్నారు. ఇంగ్లీషు మీడియం సెక్షన్‌ని తనే ఎంచుకుంది. మొదటి పరీక్షలో లెక్కల్లో 61 వచ్చాయి. పాత కార్డులో 88 ఉండేదని తల్లి గుర్తు చేస్తే, “అప్పుడు అర్థం కాలేదమ్మా” అందట.

పోయిన వారం తండ్రి ఫోన్ చేశారు. ఒకటో తరగతి టీచరే రెండో తరగతికి కూడా వెళ్లి చెబుతూ ఉండేది, ఆవిడకి సంవత్సరం మధ్యలో బదిలీ అయింది. కొత్తగా ఎవరూ రాలేదు. ఒకటి, రెండు తరగతుల్ని కలిపేశారు. దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సీటుందట, ఫీజు ఇప్పటి జీతంలో భరించగలిగేంతే. “ఇప్పుడేం చేయమంటారు మేడమ్?” అన్నారు. ఈసారి ఒక్క ముక్కలో చెప్పమని అడగలేదు.

ఆ బడిలో రెండో తరగతి నోటుబుక్కులు ఐదు చూసి రమ్మన్నాను. ఉన్న బడిలో ఖాళీ ఎప్పటికి నిండుతుందో హెడ్‌మిస్ట్రెస్‌ని అడగమన్నాను, ఆవిడ నిజమే చెబుతారు. శనివారం ముగ్గురూ వస్తున్నారు. బాబుని ముందు లోపలికి పంపమని, పెద్దవాళ్లు కాసేపు బయట కూర్చోవాల్సి ఉంటుందని చెప్పాను.